పలుకు తప్పిన చాలు

మొన్న మా అనకాపల్లి కాలేజీ పిల్లలు చర్చాపోటీ ఒకటి పెట్టుకుని నన్ను జడ్జిగా పిలిచారు. జీవితమంతా డ్రాయింగు మాస్టారుగా ఏనుగులకీ అరటిపళ్లకీ మార్కులు వేసినవాణ్ణి, నాకు చర్చలతో ఏం పని అని అడిగితే, "మీ పేరు సినిమాలో పడింది కదా సార్" అన్నాడు పిలవడానికొచ్చిన కుర్రాడు. పడిన మాట నిజమే. ఒకే ఒక్క సినిమాలో, జనం లేచి నడుం విరుచుకుంటూ తలుపుల వైపు నడిచే వేళకి కింద నుంచి పైకి పాకిపోయే పేర్లలో నాదీ ఒకటి. విషయం ఏమిటంటే, సినిమాల్లో హింసనీ అత్యాచారాల్నీ ఉన్నదున్నట్టు చూపించాలా, వద్దా అని. చూపించాలి, మనం కళ్లు మూసుకున్నంత మాత్రాన అవి జరగడం మానేస్తాయా అని ఒక అమ్మాయి గట్టిగా వాదించింది. చూపిస్తే చూసి నేర్చుకుంటారని ఒక అబ్బాయి అంతకన్నా గట్టిగా అరిచాడు. ఇద్దరూ బాగానే మాట్లాడారు. ఇద్దరికీ సమానంగా మార్కులు వేశాను, ఇద్దరికీ కోపం వచ్చింది. శాలువా కప్పించుకుని ఆటో ఎక్కానేగానీ, ఇంటికొచ్చేదాకా నా మనసు మా వదిన చెరకుతోటలోనే తిరిగింది.

ఆ తోట సంగతి చెప్పేముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఫ్లెక్సీలు రాకముందు సినిమా హాలు ముఖాన నిలబెట్టే పెద్ద పెద్ద బొమ్మలు చేత్తోనే వేసేవాళ్లం. మాస్టారి ఉద్యోగం రాకముందు నాకు అదే కూడు పెట్టింది. ఫోటో మీద పెన్సిలుతో గళ్లు గీసుకోవడం, అవే గళ్లు పెద్దవి చేసి గుడ్డ మీద గీసుకోవడం, ఒక్కో గడిలో ఉన్నది ఎత్తి దాని గడిలో పెట్టుకుంటూ పోవడం, అదీ పని. హీరో ముక్కు ఒక గడి, మీసం ఒక గడి, విలన్ బుగ్గమీది పులిపిరి ఒక గడి. ఆ రోజుల్లో పడిన ఒక సినిమాలో హీరో చెల్లెల్ని విలన్ చెరిచే సీను ఉంది. హాలు మేనేజరు దాన్నే బోర్డుకి ఎక్కించమన్నాడు. వేశాను. ఆయన కింద నిలబడి తల పైకెత్తి చూసి, "జాకెట్టు ఇంకాస్త సింపవోయ్, మేట్నీ నిండాలి" అన్నాడు. ఇంకాస్త చింపాను. నా కుంచె పనితనం అంతా ఆ చిరుగులో చూపించాను. పోనీ అక్కడితో ఆగానా, కొత్తగా కాపరానికొచ్చిన మా వదినని అన్నయ్య సినిమాకి తీసుకొస్తే, హాలు ముందు ఎదురెళ్లి మరీ, అదిగో ఆ బొమ్మ నేనే వేశానని గొప్పగా చూపించాను. ఆవిడ కాసేపు చూసి, "బాగానే ఏసేవు మరిదీ. తరవాతెవులైనా ఆ పిల్లకి గుడ్డ కప్పేరా?" అంది. వదిన హాస్యమాడుతోందనుకుని పగలబడి నవ్వాను. లోపల ఆ సీను వచ్చినప్పుడు నేలక్లాసు అంతా ఈలలు. ఆడవాళ్ల వైపు తిరిగి చూస్తే, వదిన తల వంచుకుని తన చేతి గాజులు లెక్కపెడుతున్నట్టు కూర్చుని ఉంది. ఆ ఈలల్లో నాదీ ఒకటి. వయసు అని సరిపెట్టుకోవచ్చు గానీ, వయసొచ్చిన వాళ్లందరూ ఈల వెయ్యరు.

ఆ తర్వాత వదిన హాలు గడప తొక్కలేదు. పొలం పని, పిల్లలు, అన్నయ్య జబ్బు, ఆ పైన అన్నయ్య లేకపోవడం, అన్నీ ఆవిడ మీదే పడ్డాయి. చీడికాడ దగ్గర పల్లెలో రెండెకరాల చెరకు ఆవిడే చేయించింది. విశాఖలో ఉద్యోగం చేస్తున్న కొడుకు దగ్గరికి రమ్మంటే, చెరకు నరికాక వస్తానని ఏటేటా అదే మాట చెబుతుంది. ఆ కొడుకు కూతురే, వదినకి మనవరాలు, నాకూ మనవరాలి వరసే, కాలేజీలో నాటకాలాడి, ఫోనుల్లో చూసే చిన్న చిన్న సినిమాల్లో వేసి, ఉన్నట్టుండి ఒకనాడు నిజమైన సినిమాలో పెద్ద వేషం సంపాదించింది. చెరకుతోటలో కూలికెళ్లే పిల్ల కథ. మేస్త్రీ ఆ పిల్లని పాడుచేస్తాడు. ఊరంతా కప్పేద్దామంటుంది, ఆ పిల్ల కప్పనివ్వదు, కోర్టుకెక్కుతుంది. చెరకుతోట ఎక్కడ దొరుకుతుందా అని డైరెక్టరు వెతుకుతుంటే, మా మామ్మకి ఉందండీ అని ఈ పిల్లే చెప్పింది. మేస్త్రీ సంగతి మాత్రం మామ్మకి చెప్పలేదు. కూలి పిల్ల కథ అనేసరికి వదిన సంబరపడి, అరుగులు అలికించి యూనిట్టుకి చోటిచ్చింది.

డైరెక్టరు ముప్పై దాటని కుర్రాడు, గడ్డం, చేతిలో ఎప్పుడూ ఒక పుస్తకం, మంచి మర్యాద. నేను బొమ్మలు వేస్తానని తెలిసి, షాట్లన్నీ గళ్లలో బొమ్మలుగా వేసివ్వమన్నాడు. గళ్లు అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. పాతిక గళ్లు గీసుకుని కూర్చుంటే ఆయన పక్కన కూర్చుని ఏ గడిలో ఏం ఉండాలో చెప్పడం మొదలుపెట్టాడు. ఆ సీనే. మూడు నిమిషాలు, ఎక్కడా కట్ లేకుండా. ఇంత అవసరమా బాబూ అన్నాను. ఆయన కోప్పడలేదు. "పాత సినిమాల్లో దీపం ఆరిపోయేది, పువ్వు నలిగిపోయేది మాస్టారూ. జనం హాయిగా ఊపిరి పీల్చుకునేవాళ్లు. నేను హాయిగా ఉండనివ్వను. చాటుగా చూపిస్తే చాటుగానే మర్చిపోతారు" అన్నాడు. ఆ మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు, ఇప్పటికీ దొరకదు. యుద్ధాల్నీ హత్యల్నీ పౌడరు రాసి చూపిస్తే అదీ అబద్ధమే. ఆయన చెప్పినట్టే గీశాను. తొమ్మిదో గడి దాకా వచ్చాక చెయ్యి ఆగింది. తొమ్మిదో గడిలో ఉన్నది ఎవరో పిల్ల కాదు, నా ముందు గౌను వేసుకుని తిరిగిన మా పిల్ల. నాకు తలనొప్పిగా ఉందని ఆయనతో అబద్ధం చెప్పి లేచాను.

మనవరాలు కళ్లు తుడుచుకుంటూ నా వెనకాలే వచ్చింది. పెరట్లో నూతి గట్టు మీద కూర్చున్నాం. చెయ్యనని చెప్పకూడదా అన్నాను. "నేను కాదంటే ఇంకో అమ్మాయి చేస్తుంది చిన్న తాతా. కథ మంచిది, నాకిష్టం. సిగ్గుపడి కాదు" అంది. మరి దేనికి ఏడుస్తున్నావంటే, కాలి గోరు చూసుకుంటూ, "సినిమా రెండు గంటలు. ఆ రెండు గంటలూ ఎవరు చూస్తారో తెలీదు. ఆ మూడు నిమిషాలు మాత్రం కత్తిరించి ఫోన్లలో తిప్పుతారు. రేపు ఏ ఊళ్లో ఎవడు నన్ను చూసి నవ్వినా, వాడు అదే చూశాడని నాకు తెలుస్తుంది. జీవితమంతా నేను అదే అవుతాను" అంది. మరి ఈ మాట ఆ కుర్రాడితో చెప్పవే అంటే, చెబితే వేషం పోతుందని భయం. చిరుగులు వేసి కూడు తిన్నవాణ్ణి, ఏ మొహంతో చెప్పను.

మర్నాడు పొద్దున్న గీసినంతవరకు అరుగు మీద పరిచి పెట్టి, మిగతావి గీయలేనని డైరెక్టరుకి సాకులు చెబుతున్నాను. వదిన బెల్లం టీ గ్లాసులు పట్టుకొచ్చి, మా ఇద్దరి చేతిలో పెట్టి, వంగి ఆ కాగితాలు ఒక్కొక్కటే చూసింది. ఆవిడకి చదువు రాదు గానీ బొమ్మ చదవగలదు. చివరి కాగితం దగ్గర ఆ బొమ్మలోని మొహం తన మనవరాలిదని గుర్తుపట్టింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. కూర్చుంది.

"మరిదీ, ఇయన్నీ ఎక్కడ నిలబడి సూసేవు?"

"ఎక్కడేమిటి వదినా, ఊహించి వేశాను."

"ఆడు నిలబడ్డ కాడే నువ్వూ నిలబడ్డావు. అన్నీ ఆడు సూసినయ్యే. దానికేటి అవుపడిందో ఒక్క కాయితంలోనూ నేదు. ఆ హాలు బొమ్మా అలాగే ఏసేవు."

యాభై ఏళ్ల తర్వాత వచ్చింది ఆ మాట. డైరెక్టరు కాగితాలు తన వైపు లాక్కుని మళ్లీ మొదటి నుంచి చూసుకున్నాడు. ఏ గడి చూసినా కింద పిల్ల, పైన మన కన్ను. ఆయన మొహం చిన్నబోయింది గానీ పట్టు వదల్లేదు. "మరి ఏం చూపించమంటారమ్మా, ఏమీ చూపించకపోతే జరగనట్టే కదా" అన్నాడు. "నాకేటి తెలుసు బాబూ. సినేమాలు తీసేదానినా" అని వదిన గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది.

ఆ రోజే మనవరాలు పని నేర్చుకోవడానికి కూలి ఆడవాళ్లతో తోటలో దిగింది. జడచుట్టు వేసే రోజులవి. చెరకు తలకి మించి ఎదిగాక గాలికి పడిపోకుండా, ఎండాకుల్ని పేని నాలుగైదు గడల్ని కలిపి జడలా చుడతారు. రెండు చెరకు వరసల నడిమి సందే చాలు. ఒక్కో మనిషి ఒక్కో చాలు పట్టుకుని లోపలికి పోతారు. పోతే ఇక పక్క చాలులో మనిషి ఉన్నదీ లేనిదీ కనపడదు. ఆకు పేనడం, ముడి ఎలా తిప్పాలో, చేతులకి పాత చొక్కా ఎలా తొడుక్కోవాలో అన్నీ వదిన దగ్గరుండి నేర్పింది. ఒక్కటి మాత్రం నేర్పలేదు, ఎందుకంటే అది నేర్పాల్సిన సంగతని వాళ్లెవరికీ తోచదు. వాళ్లు దాన్ని పలుకు అంటారు. పని జరుగుతున్నంతసేపూ గట్టు మీదున్న మనిషి కాసేపటికోసారి ఒక్కో చాలునీ వరసగా కేకేస్తుంది. "ఉన్నావా" అని. లోపల్నుంచి "ఉన్నానొలే" అని రావాలి. అంతే. చిన్నప్పటి నుంచీ చెరకులో పెరిగిన వాళ్లకి చేతులు పని చేస్తుంటే నోరు దానంతటది పలుకుతుంది. విశాఖలో పెరిగిన మా పిల్ల ఆ కేకలు విని, ఏదో కబుర్లాడుకుంటున్నారనుకుంది.

డైరెక్టరూ నేనూ గట్టు మీద నిలబడి ఉన్నాం. వదిన కేకేసింది. మొదటి చాలు పలికింది. రెండో చాలు పలికింది. మూడో చాలు పలకలేదు. వదిన ఇంకోసారి పిలిచింది. లేదు. ఆ తర్వాత ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. అరవై ఐదు దాటిన మా వదిన చీర కుచ్చెళ్లు బొడ్లో దోపి, గట్టు మీదున్న కత్తి అందుకుని చెరకులోకి దూకేసింది. లోపలున్న వాళ్లు చాళ్ల వెంట రాకుండా చెరకుని అడ్డంగా చీల్చుకుంటూ పరిగెత్తారు. మాకు మనుషులు కనపడలేదు. నాలుగు వైపుల నుంచీ చెరకు తలలు ఊగుతూ ఒకే చోటికి పోవడం కనపడింది, ఆకులు చిరిగే చప్పుడు వినపడింది. నా పక్కనున్న కుర్రాడు నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఎంతసేపో చెప్పలేను. చివరికి లోపల్నుంచి "ఇక్కడుందర్రా" అని ఒక గొంతు వచ్చింది.

తర్వాత వాళ్లు చెబితే తెలిసింది, మా పిల్ల చాలు మధ్యలో బాసింపట్టు వేసుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, తన డైలాగులు తనే వింటూ ఆకు పేనుకుంటోంది. తలెత్తేసరికి చుట్టూ కత్తులతో, రొప్పుతూ, చేతులంతా ఆకుకోతల రక్తంతో ఆరుగురు ఆడవాళ్లు. కూలీల్లో పెద్దామె మా పిల్ల చెంప మీద ఒక్కటిచ్చి, అదే చేత్తో దగ్గరికి లాక్కుని, "పలకాలి గదే, పలకాలి గదే" అంటూ ఏడ్చింది. మా పిల్లకి ఏం తప్పు చేసిందో అర్థం కాకుండానే ఏడుపొచ్చింది. అందరూ గట్టెక్కాక డైరెక్టరు వదినని అడిగాడు, పాముల భయమా అమ్మా అని.

"పిల్లలకి పాములనే సెప్తాం" అంది వదిన, కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ. "నాను కోడలిగా వచ్చిన ఏడు ఒకర్తి పలకనేదు. నీల్లు తాగడానికెల్లిందనుకున్నాం. ఎవులం ఎల్లనేదు. అప్పటినుంచీ ఎల్తాం."

ఇన్నేళ్లలో ఆ మాట నేను వినలేదు. ఆవిడ హాల్లో తల వంచుకున్నది కూడా ఆ ఏడే. డైరెక్టరు చెరకు వైపే చూస్తూ, "నాకింకా కాళ్లు వణుకుతున్నాయి మాస్టారూ. నేనేమీ చూడలేదు" అన్నాడు. వదిన వెళ్తూ వెళ్తూ, "మరదే సూపెట్టు" అంది.

ఆ మధ్యాహ్నం తొమ్మిది గళ్లూ చింపేసి కొత్త కాగితం తీశాం. కెమెరా గట్టు దిగకూడదనుకున్నాం. పిల్ల చాలులోకి వెళ్తుంది, కాసేపాగి మేస్త్రీ అటే వెళ్తాడు. ఆపైన ఆరు గళ్లలోనూ చెరకే గీశాను, ఒకే చెరకు. పిలుపు, జవాబు లేకపోవడం, ఊగే తలలు. నా జన్మలో అంత సులువైన బొమ్మా వెయ్యలేదు, అంత కష్టమైనదీ వెయ్యలేదు. ఫోనులో నిర్మాత పోస్టరుకి ఇక ఏం మిగిలిందయ్యా అని అరుస్తుంటే, ఆ కుర్రాడు అరుగు మీద అటూ ఇటూ తిరుగుతూ గంటసేపు పోట్లాడాడు. అప్పుడు మా పిల్ల లేచి, నిన్న నాతో అన్న మాటలన్నీ డైరెక్టరుతో అంది. అనేసి, "ఆ మూడు నిమిషాలు నాకు ఇవ్వండి సార్. కోర్టు సీనులో ఇవ్వండి. అక్కడ కట్ లేకుండా నా మొహం చూపించండి, ఎంత దగ్గరగానైనా సరే" అని అడిగింది. ఆయన సరేనని రెండు చేతులూ జోడించాడు. కోర్టు సీను తీసిన రోజు నేను పక్కనే ఉన్నాను. జరిగిందంతా, ఒక్క మాట దాచకుండా, కళ్లు దించకుండా చెప్పింది. లైట్లు పట్టుకునే వాళ్లు కూడా కదల్లేదు. నిజం కప్పలేదు మేము. అది చెప్పే హక్కు ఎవరిదో వాళ్లకిచ్చాం.

సినిమా విడుదలై మా ఊళ్లో ఒక్క హాల్లో పడింది. మొదటిరోజు మేట్నీకి వదినని బతిమాలి తీసుకెళ్లాను. మనవరాలు మా ఇద్దరి మధ్య, మొహానికి చున్నీ చుట్టుకుని, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఊరికి కొత్త రకం సినిమా, ఏమవుతుందోనని నాకూ బెంగే. మేస్త్రీ ఆ పిల్ల వెనకాల చెరకులోకి నడవగానే ముందు వరసల్లో నుంచి ఒక ఈల వచ్చింది. మా పిల్ల కళ్లు మూసుకుంది. తెర మీద చెరకు. "ఉన్నావా" అని గట్టు మీది గొంతు. మొదటి చాలు పలికింది, రెండో చాలు పలికింది. మూడోది పలకలేదు. హాలంతా ఫ్యాన్ల చప్పుడు తప్ప మరేమీ లేదు. "ఉన్నావా" అని మళ్లీ పిలిచింది ఆ గొంతు. ఈసారి పిలుపులో వణుకు.

"ఉన్నానొలే" అని వెనక నుంచి ఎవరో పలికారు.

తిరిగి చూశాను. పొద్దున్నే పూడిమడక నుంచి చేపలు తెచ్చి, అమ్మకం అయ్యాక ఖాళీ తట్ట పక్కన పెట్టుకుని సినిమాకొచ్చిన ఒకామె, కుర్చీలోంచి సగం లేచి నిలబడి ఉంది. తన గొంతు తనకే వినపడి సిగ్గుపడి కూర్చోబోయింది. ఈలోగా ఇటువైపు నుంచి ఇంకొకామె పలికింది. తర్వాత బాల్కనీలో ఎవరో కాలేజీ అమ్మాయిలు. తర్వాత లెక్క తెలీలేదు. తెర మీద చెరకు తలలు ఊగుతూ ఒక చోటికి పోతున్నాయి, హాల్లో ఆడవాళ్లు పలుకుతూనే ఉన్నారు. ముందు వరసల వాళ్లు మెడలు తిప్పి వెనక్కి చూసి, చూసినవాళ్లు చూసినట్టే సర్దుకుని కూర్చున్నారు. వదిన తల వంచలేదు. నేరుగా తెర వైపు చూస్తూ, నోరు తెరిచి, తోటలో ఎలా పలుకుతుందో అంత గట్టిగా పలికింది. నేనూ పలికానని రాసుకోవాలని ఉంది గానీ, నేను వదిన మొహమే చూస్తూ కూర్చున్నాను.

తర్వాత ఆ సినిమాలోంచి ఒక ముక్క కత్తిరించి ఫోన్లలో తిప్పారు. తిప్పింది కోర్టులో ఆ మూడు నిమిషాలు. ఈ రోజుకీ మా పిల్లని బస్సులో ఎవరైనా గుర్తుపడితే, గుర్తుపట్టేది ఆ మొహమే, ఆ కళ్లే. అన్ని సినిమాలకీ ఇదే దారి అని నేను చెప్పను. కొన్నిటిని కళ్లారా చూడాల్సే ఉంటుందేమో. ఎక్కడ నిలబడి చూస్తున్నామో మనల్ని మనం అడిగి చూసుకుంటే చాలని మాత్రం నాకు తెలిసింది, అదీ మా వదిన చెబితే.

ఆ రోజు ఆట విడిచాక హాలు మెట్ల మీద ఎవరో చున్నీలోంచే మా పిల్లని ఆనవాలు కట్టేశారు. క్షణంలో చుట్టూ ఆడవాళ్లు. చేపల తట్ట ఆమె అందర్నీ తోసుకుంటూ వచ్చి, గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి, సినిమా కాదు నిజమే అన్నట్టుగా, "ఉన్నావా అమ్మా?" అని అడిగింది. మా పిల్ల చున్నీ తీసేసి, ఆ ఎండలో, అంతమంది ముందు, "ఉన్నానమ్మా" అంది. వదిన ఒక మెట్టు పైన నిలబడి గర్వంగా అటూ ఇటూ చూసుకుంటోంది, ఆ జనాన్నంతా తనే కూలికి పిలిచినట్టు. ఒక్క మాట నేర్చుకోవడానికి ఒక ఊరికి ఇంతకాలం పడుతుందని నాకు తెలీదు. పడితే పట్టనీ. ఊరు అది నేర్చుకున్న రోజుకి నేనింకా ఉన్నాను.